బరంపురం నుంచి పెనాంగ్ జార్జ్ టౌన్‌కి: పాతబస్తీని కాలినడకన చూసే పద్ధతి

మలేషియా ప్యాకేజీలు అమ్మేవాళ్లు కౌలాలంపూర్‌కి రెండు రోజులు, లంకావికి రెండు రోజులు ఇచ్చి, పెనాంగ్ దీవికి ఒక పూట విదిలిస్తారు. బస్సు దింపి, గోడ మీద సైకిల్ బొమ్మ దగ్గర ఫోటో తీయించి, మళ్లీ ఎక్కించేస్తారు. ఆ దీవి మీది పాత ఊరు జార్జ్ టౌన్ అలా చూసే ఊరు కాదు. ఇక్కడ గుడికి ఒక వేళ, మసీదుకి ఒక వేళ, సముద్రం మీది ఇళ్లకి ఒక వేళ. వాటిని పట్టుకుని తిరిగితే మూడు పగళ్లు, నాలుగు రాత్రులు పడుతుంది. అంతకు తగ్గితే మలేషియాలో ఇంకేదైనా చూసుకోవడం మేలు.

గంజాం, గజపతి, రాయగడ జిల్లాల్లోని తెలుగువాళ్లను దృష్టిలో పెట్టుకుని రాసినది ఇది. లెక్కలన్నీ బరంపురం నుంచే. పర్లాకిమిడి, గుణుపురం వాళ్లకి విశాఖ దారి ఇంకా దగ్గర.

కాగితాలు: మొదట పేరు సరిచూసుకోండి

మన వైపు ఎక్కువ ప్రయాణాలు చిక్కుపడేది పేర్ల దగ్గరే. ఒడియా లిపిలో రాసిన పేరు ఇంగ్లీషులోకి వెళ్లేసరికి 'వ' కాస్తా 'బ' అయిపోతుంది. బడి సర్టిఫికెట్‌లో వెంకటరావు, ఆధార్‌లో బెంకటరావు. ఒకచోట ఇంటిపేరు ముందు, ఇంకోచోట చివర, మరోచోట పొడి అక్షరం. పాస్‌పోర్టుకి అర్జీ పెట్టకముందే ఆధార్, పుట్టినతేదీ పత్రం, పాన్ మూడింటిలో పేరు ఒకేలా ఉండేట్టు దిద్దించుకోండి. అర్జీ పెట్టాక దిద్దుకోవాలంటే నెలలు గడిచిపోతాయి.

టికెట్ కొనేటప్పుడు పాస్‌పోర్టు ఎదురుగా పెట్టుకుని అక్షరం అక్షరం కొట్టండి. ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్న పాస్‌పోర్టు అయితే ఆ విమాన సంస్థ నిబంధన చూడాలి. చాలా సంస్థలు అదే పేరును రెండు గడుల్లోనూ రాయమంటాయి. అందాజుగా నాన్నగారి పేరు పెట్టేస్తే చెకిన్ దగ్గర ఆపేస్తారు.

వీసా సంగతి తేలిక. 2023 డిసెంబరు 1 నుంచి భారతీయులు 30 రోజుల దాకా వీసా లేకుండా మలేషియా వెళ్లొచ్చు. ఆ వెసులుబాటును 2026 డిసెంబరు 31 వరకు పొడిగించారు. ఆ తర్వాత వెళ్లేవాళ్లు టికెట్ కొనేముందే నిబంధన చూసుకోవాలి. దిగే రోజుకి పాస్‌పోర్టుకి ఇంకా ఆరు నెలలు గడువుండాలి. తిరుగు టికెట్టు, హోటల్ బుకింగ్ ప్రింటు తీసి చేతిలో పెట్టుకోండి. ఇమిగ్రేషన్ బల్ల దగ్గర ఫోన్ చార్జింగ్ అయిపోయిందంటే వినేవాడు ఉండడు.

ఇంకొకటి, మలేషియా డిజిటల్ అరైవల్ కార్డు. దిగడానికి మూడు రోజుల లోపు అక్కడి ఇమిగ్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో నింపాలి. పిల్లలకీ, పెద్దలకీ ఎవరిది వాళ్లకి విడిగా. దీనికి పైసా ఖర్చు లేదు. డబ్బు అడుగుతోందంటే మీరు తెరిచింది అసలు వెబ్‌సైట్ కాదు.

చేరే దారులు

బరంపురం నుంచి భువనేశ్వర్ 170 కిలోమీటర్లు, విశాఖ 275 కిలోమీటర్ల పైచిలుకు. భువనేశ్వర్ దగ్గరే అయినా పెనాంగ్‌కి అది చుట్టుదారి. పనికొచ్చేవి రెండు.

ఒకటి విశాఖ మీదుగా. 2024 ఏప్రిల్‌లో విశాఖ నుంచి కౌలాలంపూర్‌కి నేరుగా విమానం మొదలైంది. మీరు వెళ్లే నెలలో వారానికి ఎన్ని రోజులు నడుస్తోందో చూసుకోండి. విశాఖ విమానాలు భోగాపురం కొత్త విమానాశ్రయానికి మారే కాలం కాబట్టి, టికెట్ మీద ఏ విమానాశ్రయం ఉందో చూశాకే రైలు టికెట్ తీసుకోండి. భోగాపురమైతే మనకే దగ్గర, విజయనగరంలో దిగిపోవచ్చు.

రెండోది చెన్నై మీదుగా. 2024 డిసెంబరు నుంచి చెన్నై నుంచి పెనాంగ్‌కే నేరుగా విమానం ఉంది. హౌరా-చెన్నై మెయిలు బరంపురంలో ఆగుతుంది. రైల్లో ఒక రాత్రి పోతుంది గానీ, కౌలాలంపూర్‌లో మారే బెడద ఉండదు. పెద్దవాళ్లను తీసుకెళ్తుంటే ఇదే మంచిది.

కౌలాలంపూర్‌లో దిగి వేరే టికెట్ మీద పెనాంగ్ విమానం ఎక్కేవాళ్లు మధ్యలో కనీసం నాలుగు గంటలు ఉంచుకోవాలి. ఇమిగ్రేషన్ వరస, సామాను తీసుకోవడం, మళ్లీ చెకిన్, అన్నీ మీ నెత్తినే. రెండు టికెట్లు విడివిడిగా కొన్నప్పుడు మొదటి విమానం ఆలస్యమై రెండోది పోతే ఆ డబ్బు వెనక్కి రాదు.

తొందర లేనివాళ్లకి రైలు బాగుంటుంది. కౌలాలంపూర్ సెంట్రల్ నుంచి, దీవికి ఎదురుగా ఒడ్డున ఉన్న బటర్‌వర్త్‌కి ఈటీఎస్ అనే కరెంటు రైల్లో నాలుగు గంటల పైన. స్టేషన్ నుంచి నడవా మీదుగా ఫెర్రీ రేవుకి నడిచి వెళ్లొచ్చు. ఫెర్రీకి మనిషికి 2 రింగిట్లు (మలేషియా డబ్బు), నగదు తీసుకోరు, కార్డు గీకాలి. పావుగంటలో ఊరి అంచున వెల్డ్ క్వే దగ్గర దింపుతుంది. ఓడలు వచ్చిన వైపు నుంచే ఊళ్లో అడుగు పెట్టాలనుకుంటే ఇంతకు మించిన దారి లేదు. శని, ఆదివారాలకీ పండగలకీ ఈ రైలు టికెట్లు ముందే అయిపోతాయి.

విమానంలో దిగేవాళ్లకి బయాన్ లెపాస్ విమానాశ్రయం ఊరికి దక్షిణాన 16 కిలోమీటర్లు. గ్రాబ్ కారు (యాప్‌లో పిలిచే ట్యాక్సీ) 25 నుంచి 40 రింగిట్లు. 401 నంబరు బస్సు కూడా ఉంది గానీ చిల్లర సరిగ్గా ఉండాలి, డ్రైవరు తిరిగి ఇవ్వడు.

డబ్బు, ఫోను, ప్లగ్గు

రింగిట్ 20 రూపాయల పైన నడుస్తోంది. లెక్కకి ఒక కిటుకు: అంకెకి సున్నా చేర్చి రెట్టింపు చేయండి. 12 రింగిట్ల పళ్లెం అంటే 240 రూపాయలు, ఇంకాస్త.

బరంపురంలో ఉండగానే చేయాల్సినవి మూడు. డెబిట్ కార్డుకి విదేశీ వాడకం బ్యాంకు యాప్‌లో తెరవండి, మామూలుగా అది మూసే ఉంటుంది. గ్రాబ్ యాప్ వేసుకుని మన నంబరుకి ఓటీపీ వచ్చేట్టు ఖాతా తెరిచేయండి. అక్కడికెళ్లి సిమ్ మార్చాక ఓటీపీ రాక తిప్పలు పడేవాళ్లు చాలామంది. మూడోది ప్లగ్గు. అక్కడివి మూడు చదరపు పిన్నులవి, మన గుండ్రటి పిన్నులు దూరవు. ఒక అడాప్టరూ, ఇక్కణ్ణుంచే ఒక ఎక్స్‌టెన్షన్ బోర్డూ పట్టుకెళ్తే ఇంటిల్లిపాది ఫోన్లకీ సరిపోతుంది.

నగదు తప్పనిసరి. తిండి బండి దగ్గర 100 నోటు తీస్తే మొహం చిట్లిస్తారు. 5, 10 నోట్లు ఎక్కువ ఉంచుకోండి.

హోటల్ వాళ్లు కౌంటర్ దగ్గర ఇంకా కొంత అడిగితే మోసమనుకోకండి. విదేశీయులకి గదికి రాత్రికి 10 రింగిట్ల పర్యాటక పన్ను ఉంది, దాని పైన పెనాంగ్ స్థానిక రుసుము 2, 3 రింగిట్లు.

గది లెబు చూలియా, లెబు ఆర్మేనియన్ అనే వీధుల మధ్య తీసుకుంటే అన్నీ నడక దూరం. పాత ఇళ్లను హోటళ్లుగా మార్చినవి చూడముచ్చటగా ఉంటాయి. కానీ మెట్లు నిటారు చెక్క మెట్లు, లిఫ్ట్ ఉండదు, చవక గదులకి కిటికీ ఉండదు. బుక్ చేసేముందు ఆ రెండూ అడగండి. లవ్ లేన్ పక్కన మాత్రం వద్దు, అర్ధరాత్రి దాకా బార్ల గోల.

ఎప్పుడు వెళ్లాలి

డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు వాన తక్కువ. సెప్టెంబరు నుంచి నవంబరు దాకా కుండపోత, అక్టోబరు మరీను. దసరా సెలవులకి వెళ్దామనుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. చలికాలమన్న మాట అక్కడ లేదు, ఏడాది పొడవునా మన మే నెల ఉక్కే.

రెండు పండగలు చూసుకుని తేదీలు వేసుకోండి. జనవరి, ఫిబ్రవరిలో వచ్చే సుబ్రహ్మణ్యస్వామి పండగ తైపూసానికి వెండి రథం లిటిల్ ఇండియా నుంచి వాటర్‌ఫాల్ కొండ కింద దాకా వెళ్తుంది. కావళ్లు మోసేవాళ్లు, దారి పొడవునా కొబ్బరికాయలు కొట్టేవాళ్లు. మన ఠాకురాణి యాత్ర కిక్కిరింపు తెలిసినవాళ్లకి ఇది కొత్త కాదు, కానీ గది మూడు నెలల ముందే తీసుకోవాలి. చైనా కొత్త సంవత్సరానికి మాత్రం మొదటి రెండు మూడు రోజులు తప్పించండి. తిండి బండ్లు సగం మూసేస్తారు.

మొదటి రోజు: ఒక్క రోడ్డు, నాలుగు మతాలు

ముందు ఊరి సంగతి రెండు ముక్కల్లో. 1786 ఆగస్టు 11న ఈస్టిండియా కంపెనీ తరఫున ఫ్రాన్సిస్ లైట్ ఈ దీవిని స్వాధీనం చేసుకున్నాడు. కెడా సుల్తాను చేతిలోంచి జారిన దీవి ఇది. ఊరికి మూడో జార్జ్ రాజు పేరు పెట్టారు. సరుకు మీద సుంకం లేకుండా రేవు తెరవడంతో చైనావాళ్లు, తమిళులు, గుజరాతీలు, సుమత్రా దీవి ఆచే వాళ్లు, ఆర్మేనియన్లు, అరబ్బులు వచ్చి ఎవరి వీధి వాళ్లు కట్టుకున్నారు. మలక్కాతో కలిపి 2008 జులై 7న యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

వీధి పేర్లకి ముందు మాటలు తెలిస్తే మ్యాప్ తేలికవుతుంది. జలాన్ అంటే రోడ్డు, లెబు అంటే వీధి, లోరోంగ్ అంటే సందు. మీరు నడవాల్సింది జలాన్ మసీదు కాపితాన్ కెలింగ్. పాతవాళ్లు ఇప్పటికీ పిట్ స్ట్రీట్ అంటారు. చివరి నుంచి చివరికి కిలోమీటరు లోపే.

ఉదయం ఎనిమిదిన్నరకి ఉత్తరపు కొసన సెయింట్ జార్జ్ చర్చి దగ్గర మొదలుపెట్టండి. 1818 నాటిది, తెల్లటి స్తంభాలు. పది నిమిషాలు చాలు.

అక్కడి నుంచి కొద్ది అడుగుల్లో కువాన్ యిన్ గుడి. కరుణాదేవి అనుకోండి. మన అగరువత్తులు వేలి పొడవుంటే ఇక్కడివి మనిషెత్తు కూడా ఉంటాయి. చైనా పంచాంగం ప్రకారం పాడ్యమి, పౌర్ణమి రోజుల్లో పొగకి కళ్లు మండుతాయి. ఉబ్బసం ఉన్నవాళ్లు బయటి నుంచే దణ్ణం పెట్టుకోవాలి.

తర్వాత శ్రీ మహామారియమ్మన్ గుడి. చాలామంది ఇక్కడ తప్పు చేస్తారు. ఈ రోడ్డు మీద కనబడేది గుడి వెనక భాగం, తలుపు వేసి ఉంటుంది. గుడి మూసేశారనుకుని వెళ్లిపోతారు. చుట్టు తిరిగి లెబు క్వీన్‌లోకి వెళ్తే గోపురం, ముఖద్వారం అక్కడున్నాయి. ఇప్పుడున్న గుడి 1833 నాటిది. మన గుళ్లలాగే మధ్యాహ్నం మూసి సాయంత్రం తెరుస్తారు, అందుకే పొద్దున్నే రమ్మన్నది.

మళ్లీ రోడ్డెక్కి దక్షిణంగా నడిస్తే కాపితాన్ కెలింగ్ మసీదు. కాస్త ఆగాల్సిన చోటు. దక్షిణ భారతం నుంచి వచ్చిన ముస్లిం వర్తకుడు కాదర్ మొహిదీన్ 1801లో వేసిన పునాది ఇది. ఒక్కో జాతికి ఒక పెద్దను నియమించి కాపితాన్ అనేవారు. కెలింగ్ అన్న మాట కళింగ నుంచి వచ్చింది. మన తీరం నుంచి వెళ్లిన ఓడలు ఆ పేరును అక్కడ వదిలేస్తే, కాలక్రమంలో అది దక్షిణాది వాళ్లందరికీ చెల్లింది. కార్తీక పౌర్ణమికి అరటిదొప్పల్లో దీపాలు పెట్టి నీళ్లలోకి వదిలే మనకి ఆ పేరు వినగానే ఏదో తగులుతుంది. కానీ జాగ్రత్త: మసీదు పేరుగా తప్ప ఆ మాట నోట రానివ్వకండి. మలేషియాలో ఇప్పుడది భారతీయులను తిట్టే మాట.

నమాజు వేళల్లో, శుక్రవారం మధ్యాహ్నం సందర్శకులను లోనికి రానివ్వరు. చేతులు, కాళ్లు కప్పే బట్టలు లేకపోతే గుమ్మం దగ్గర అంగీ ఇస్తారు.

పదకొండు లోపు ఖూ కాంగ్సీకి చేరండి. లెబు కేనన్ నుంచి సన్నటి దారిలో లోపలికి వెళ్తే ఒక్కసారిగా రాతి పలకల ముంగిలి తెరుచుకుంటుంది. ఖూ ఇంటిపేరు వాళ్ల కులదైవం గుడీ, సత్రమూ, పంచాయితీ చావడీ అన్నీ కలిపి ఇదే. ముందు కట్టింది చక్రవర్తి కోటను మించిపోయిందని దేవతలకి కోపం వచ్చి 1901లో తగలబడిందని చెప్పుకుంటారు. ఇప్పటిది 1906లో పూర్తయింది. దారి సన్నగా ఎందుకుందంటే, ముఠాలు కొట్టుకునే రోజులవి. 1867లో ఈ వీధుల్లోనే పెద్ద అల్లర్లు జరిగాయి.

పైకప్పు అంచును ఫోన్ జూమ్‌లో చూడండి. డ్రాగన్ల పొలుసులు, పూరేకులు, గుర్రాల జూలు, అన్నీ రంగు పింగాణీ గిన్నెలను కత్తిరించి సున్నంలో ఒక్కో పెంకు గుచ్చి చేసినవి. రంగు వేసినవి కావు, అందుకే ఎండకి వెలిసిపోలేదు.

పన్నెండు నుంచి మూడున్నర దాకా గదిలో పడుకోండి. మొండికేసి ఎండలో తిరిగినవాళ్లు రెండో రోజుకి మంచం పడతారు.

సాయంత్రం వెల్డ్ క్వే పక్కన వంశాల జెట్టీలు. సముద్రంలో కర్రలు పాతి చెక్క ఇళ్లు కట్టుకున్న పేటలు, ఇంటిపేరుకి ఒక పేట. చ్యూ జెట్టీ అన్నిటికంటే పెద్దది, దుకాణాల సందడి అక్కడే. సద్దు లేకుండా చూడాలంటే పక్కనున్న టాన్ జెట్టీ కొస దాకా నడవండి. ఇవి మనుషులు కాపురముండే ఇళ్లు. తెరిచిన తలుపులోంచి ఫోటో తీయకూడదు, రాత్రి తొమ్మిది తర్వాత ఉండకూడదు. పలకల మధ్య సందులుంటాయి, మడమ చెప్పులు ఇరుక్కుంటాయి.

రెండో రోజు: మండువా లోగిళ్లు

ఆర్మేనియన్ వీధి గోడల మీది బొమ్మలకి ఎనిమిదిలోపు వెళ్లండి. పిల్లలిద్దరి సైకిల్ బొమ్మ 2012లో లిథువేనియా చిత్రకారుడు ఎర్నెస్ట్ జకరేవిచ్ వేసింది, సైకిల్ మాత్రం నిజమైనదే. తొమ్మిది దాటితే ఫోటోకి వరస కట్టాలి. గోడలకి ఇనుప ఊచల వ్యంగ్యచిత్రాలు కూడా 52 ఉన్నాయి, ఒక్కొక్కటి ఆ వీధి కథ చెబుతుంది. మా లెక్కలో రంగు బొమ్మలకంటే అవే మేలు.

అసలు చూడాల్సింది ఇళ్లు. ముఖం సన్నం, లోపలికి పొడవు, రెండు ఇళ్లకీ ఒకే గోడ. బరంపురం నేత వీధుల ఇళ్లు చూసినవాళ్లకి ఈ పొందిక తెలిసిందే. ముందున్న కప్పు వేసిన అరుగును కాకి లీమా అంటారు, ఐదడుగుల వెడల్పు అని. ఎండా వానా తగలకుండా వీధంతా అరుగుల మీదుగానే నడిచేందుకు కట్టించారు. ఇప్పుడు సగం చోట్ల మోటారుసైకిళ్లు అడ్డం. ఇంటికీ ఇంటికీ ఎత్తు మారుతుంది, పక్కన తెరిచిన కాలువ. కాళ్ల వైపు చూసుకుంటూ నడవండి, మడమలు బెణికేది ఇక్కడే.

లోపల మధ్యలో ఆకాశానికి తెరిచిన చోటు ఉంటుంది. అచ్చంగా మన మండువా. వాన నీళ్లు ఇంట్లో పడితే సంపద వచ్చినట్టని చైనావాళ్ల నమ్మకం. దాన్ని బాగా చూడాలంటే రెండు చోట్లు. లెబు గెరెజాలోని పెరనాకన్ భవనం: చైనా మగవాళ్లు, మలయా ఆడవాళ్ల సంసారాల్లోంచి పుట్టిన సంస్కృతి, పూసల చెప్పులు, పింగాణీ, పెళ్లి మంచం. గంటన్నర కావాలి, టికెట్ 25 రింగిట్ల చుట్టూ. రెండోది లెబు లీత్‌లోని చియాంగ్ ఫట్ ట్జే నీలిభవనం. గోడలకి ఆ రంగు నీలిమందుది. వేళ ప్రకారం తిప్పి చూపిస్తారు, ముందే బుక్ చేసుకోండి.

తిండి: ఇక్కడే ఎక్కువ తప్పులు

శాకాహారులు వినాల్సిన మాట: మలయ్‌లో సాయూర్ అంటే కూరగాయ, అంతే. సాయూర్ అని అడిగితే రొయ్యల ముద్ద వేసి వేయించిన తోటకూర వస్తుంది. ఆ ముద్దను బెలాచాన్ అంటారు, సంబల్ అనే కారం పచ్చడిలో చాలాచోట్ల ఉంటుంది. చార్ క్వే తియావ్ అనే వేయించిన బియ్యపు నూడుల్స్‌లో రొయ్యలు, చాలా బండ్ల దగ్గర పంది కొవ్వు. ఒక్కోటీ పేరు పెట్టి వద్దనాలి: "తా మహు డాగింగ్, అయామ్, ఇకాన్, ఉడాంగ్, బెలాచాన్." మాంసం, కోడి, చేప, రొయ్య, ఆ ముద్ద. గుడ్డు కూడా వద్దంటే తెలూర్ చేర్చండి. డాగింగ్ అంటే మాంసమని అర్థమైనా, ఊరికే ఆ మాట ఉంటే అది గొడ్డు మాంసమే. మేకది కావాలంటే కాంబింగ్.

కార్తీకంలో ఉల్లి, వెల్లుల్లి కూడా మానేవాళ్లకి చైనా బౌద్ధుల శాకాహార హోటళ్లు వరం. వాళ్లూ ఆ రెండూ వాడరు. పళ్లెంలో చేపలా కోడిలా కనబడేది సోయా. చూసి దడుచుకోకండి. లిటిల్ ఇండియాలో లెబు పెనాంగ్, లెబు పసార్ చుట్టుపక్కల ఇడ్లీ, దోసె, అరిటాకు భోజనం దొరుకుతాయి. అక్కడ నడిచేది తమిళం, తెలుగుకి జవాబు రాకపోవచ్చు. మన ఉత్తరాంధ్ర, గంజాం వైపు నుంచి మలయా తోటల్లోకి వెళ్లిన తెలుగువాళ్లు ఎక్కువగా స్థిరపడింది పేరాక్ రాష్ట్రంలో, ఇక్కడ కాదు.

మాంసాహారులకి నాసి కండార్ తప్పనిసరి. తమిళ ముస్లింలు కావడి మీద అన్నం, కూరలు మోసుకుని అమ్మిన రోజుల నుంచి వచ్చిన పేరు. వడ్డించేవాడు ఒక్కో గిన్నెలోంచి ఒక్కో గరిటె పులుసు అన్నం మీద వరసగా పోసేస్తాడు. దాన్ని బంజిర్ అంటారు, అంటే వరద. ఆ వరదలో గొడ్డు మాంసం పులుసూ ఉంటుంది. వద్దనుకుంటే గరిటె లేవకముందే "కువా అయామ్ సహజా" అనండి, కోడి పులుసు మాత్రమే అని. ధర ముక్కను బట్టి. పెద్ద రొయ్యలు, చేప గుడ్లు చూపించి వడ్డించాక బిల్లు చూసి ఉలిక్కిపడకుండా ముందే "బెరాపా?" అని అడగండి.

టీ అడగడం ఒక విద్య. తే అంటే తియ్యటి డబ్బా పాలతో. తే ఓ అంటే పాలు లేకుండా పంచదారతో. తే ఓ కొసాంగ్ అంటే రెండూ లేకుండా. షుగరున్నవాళ్లు ఈ మూడో మాట బట్టీ పట్టాలి. తీపి తగ్గించమనడానికి కురాంగ్ మానిస్, పార్సిల్‌కి బుంగ్‌కుస్. తే తారిక్ చేసేవాడు ఒక చేతి గ్లాసు నెత్తి మీదకెత్తి ఇంకో చేతి గ్లాసులోకి గజం పొడవు ధార లాగుతాడు. నురుగు కోసమే ఆ తిప్పలన్నీ. తమిళ హోటల్‌లో అన్నే, మలయ్ మగవాళ్లని అబాంగ్, ఆడవాళ్లని కాక్, చైనా పెద్దవాళ్లని అంకుల్, ఆంటీ అంటే పని తొందరగా అవుతుంది.

హాకర్ కూడలిలో ముందు బల్ల పట్టుకుని దాని నంబరు చెప్పి తిండి చెప్పాలి. బల్ల మీద కూర్చుని నీళ్లు, టీ ఏదీ కొనకపోతే పానీయాలవాడు విసుక్కుంటాడు, బల్లలు వాడివే.

పాతబస్తీ అంతటా పొగ తాగడం నిషేధం, జరిమానా ఖాయం. గుట్కా, గుడాఖు అలవాటున్నవాళ్లు ఆ నాలుగు రోజులూ కట్టిపెట్టుకోవడమే నయం. ఉమ్మితే కూడా జరిమానానే.

మూడో రోజు: కొండ

వెల్డ్ క్వే లేదా కొమ్‌తార్ బస్ స్టేషన్ నుంచి 204 నంబరు బస్సు పెనాంగ్ హిల్ కింది స్టేషన్ దాకా వెళ్తుంది. కొండ మీదికి 1923 నుంచి కేబుల్ రైలు నడుస్తోంది, ఇప్పటి పెట్టెలు 2011 నాటివి. విదేశీయులకి మామూలు టికెట్ 30 రింగిట్ల చుట్టూ. ఏడున్నర లోపు కింద ఉండండి. పది దాటితే, అందులోనూ ఆదివారం, గంటకి పైగా వరస. మధ్యాహ్నానికి మబ్బు కమ్మితే పైనుంచి కనబడేది తెల్లటి గోడే.

దిగి వచ్చేటప్పుడు అయెర్ ఇతామ్‌లో కెక్ లోక్ సీ బౌద్ధాలయం. మెట్లు చాలా, రెండు గంటలు. ఓపిక మిగిలితే సాయంత్రం వాటర్‌ఫాల్ కొండ మీద బాలదండాయుధపాణి, 513 మెట్లు. మూడూ ఒకే రోజు అనుకునే కుటుంబాలు సాధారణంగా మూడోది కింద నుంచే దణ్ణం పెట్టి వస్తాయి.

ఊళ్లో తిరగడానికి క్యాట్ అని రాసిన ఉచిత బస్సు జెట్టీ నుంచి కొమ్‌తార్ దాకా పాతబస్తీ చుట్టూ తిరుగుతుంది. కాళ్లు లాగినప్పుడు అది ఎక్కి ఒక చుట్టు వేయండి.

తిరుగు రోజు

తెచ్చుకోదగ్గది జాజికాయ. కంపెనీ రోజుల నుంచి ఈ దీవిలో తోటలున్నాయి. మనం గింజే వాడతాం. వాళ్లు పైకండ కూడా పంచదారలో ఊరేసి, ఎండబెట్టి, రసం తీసి అమ్ముతారు. డబ్బాలో ఎండినది కొంటే కారదు. రసం సీసాలు చెకిన్ సామానులోనే వేయాలి, చేతి సంచిలో 100 మిల్లీలీటర్లు దాటితే విమానాశ్రయంలో తీసేసుకుంటారు. పెసరపప్పు పూర్ణం పెట్టిన తావ్ సర్ పియా బిస్కెట్లు కూడా పేరున్నవే. కొన్నిట్లో పంది కొవ్వు వాడతారు కాబట్టి ఇంట్లో పెద్దవాళ్లకి పంచేముందు పెట్టె మీద హలాల్ ముద్ర గానీ శాకాహారం అన్న మాట గానీ ఉందేమో చూసి కొనండి.